ఘంటసాల భగవద్గీత: శ్రోతల తీర్పు

పుస్తకమునకు వ్యాఖ్యాతలుందురు, నాటకమునకు పత్రికలలో సమీక్షలుండును. గానపు రికార్డు వెలువడిన నాడు దానినిగూర్చి వ్రాయువారు తక్కువ. వ్రాసినదియు నాలుగు నాళ్లలో మరుగుపడును. నలువది యేబది సంవత్సరములు గడచిన పిమ్మట దానికి మిగులునది శ్రోతల నోటిమాట యొక్కటే. ఆ మాటను అభిమానుల వెఱ్ఱిగా త్రోసిపుచ్చుట మన సాహిత్య విమర్శకులకు వాడుక. అభిమానిని సహృదయుని వరుసలో కూర్చుండబెట్టుటకు మనకు మనసొప్పదు. కాని ఒక కృతిని నూరుసార్లు విన్నవాని మాటలో, ఒక్కసారి విని వ్రాసిన పండితునికి తోచని సంగతులు కొన్ని తప్పక యుండును. అవి సంగీతమునకే కాదు, సాహిత్యమునకును పనికివచ్చును.

పాశ్చాత్య దేశములలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. ఇంగ్లండునకు చెందిన బీటిల్స్ అను రాక్ గాయకబృందము 1968 నవంబరులో రెండు రికార్డుల సంపుటము నొకదానిని వెలువరించెను. అట్ట తెల్లనిది కనుక ‘వైట్ ఆల్బమ్’ అను పేరు వాడుకలో నిలిచినది. అందలి 30 పాటలలో పెక్కింటికి పుట్టినిల్లు మన ఋషీకేశము. ఆ యేడు తొలి నెలలలో వారు మహర్షి మహేశయోగి ఆశ్రమములో గడపిరి. వారి రికార్డింగులను నడిపిన జార్జి మార్టిన్, సరుకు ఎక్కువైనదనియు, మేలైన పాటలు ఏరి ఒక్క రికార్డుగా తెచ్చిన బాగుండుననియు తలచెను. గాయకులు వినలేదు. ఆనాటినుండి అభిమానులు రెండు పక్షములైరి. ఒక పక్షమువారు ఏ పాట ఉంచవలెనో ఏది తీసివేయవలెనో జాబితాలు కట్టుచుందురు. ఎనిమిది నిమిషములకు పైగా సాగు శబ్దముల కలగాపులగమైన ‘రెవల్యూషన్ 9’ వారి కత్తికి మొదట దొరకును. రెండవ పక్షమువారికి ఆ ఎగుడుదిగుడుతనమే ఆ సంపుటము అందము. ఏరి కూర్చినచో మిగులునది మంచి పాటల మూట మాత్రమే యని వారి వాదము. 2018లో ఏబదియేండ్ల పండుగకు, బృందమువారు ఇంటిలో పాడుకొన్న తొలి చిత్తుపాటలతో సహా కొత్తకూర్పు వెలువడినది. వాదము తెగలేదు సరికదా, కోయుటకు సరుకు పెరిగినది.

ఆ ఇరుపక్షములవారిని కలుపు అంశ మొకటి కలదు. ఇరువురును కడవరకు విన్నవారు. నాల్గవ ముఖములో నున్నదానిని తీసివేయవలెనన్నను అక్కడిదాక వినవలెను గదా! మన తెలుగువారి యిండ్లలో అంతటి ఆదరము పొందిన రికార్డు ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత. దాని విషయమున మన శ్రోతల వాదము వేరొక దారి పట్టినది. ఏ శ్లోకము ఉంచవలెను, ఏది విడువవలెను అని యెవరును అడుగరు. ఎప్పుడు పెట్టవలెను, ఎప్పుడు పెట్టరాదు అనియే తగవు.

1922లో జన్మించిన ఘంటసాలగారు 1972లో గుండెజబ్బుతో ఆసుపత్రిలో గడపి, కోలుకొన్న తరువాత ఈ గానమునకు పూనుకొనిరి. 1974 ఫిబ్రవరి 11న గతించిరి. శ్లోకమును సంస్కృతములో పాడుట, వెంటనే దాని తాత్పర్యమును తెలుగు వచనములో చెప్పుట, ఇదియే ఆ రికార్డు పద్ధతి. మొదట గుడి మైకులలో తెల్లవారుజామున వినబడిన ఆ గొంతు క్రమక్రమముగా మరణించినవారి ఇంటిముందునకును, శ్మశానయాత్ర బండిలోనికిని చేరినది. ఈనాడు ఆంధ్ర తెలంగాణములలో అనేకమైన ఊళ్లలో ఆ కంఠము వినబడినంతనే వీథిలోనివారు ఎవరు పోయినారని అడుగుదురు.

ఈ వాడుక తెలుగునేల యెల్లలు దాటి పోయినది. సూరతు జిల్లా పల్సాణా తాలూకాలో జోల్వా అను ఊరు కలదు. బట్టల మిల్లుల ఊరు. సూరతు ప్రాంతపు మరమగ్గములమీద తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు తరములుగా బ్రతుకుచున్నవి. షోలాపురము, భీవండి వలెనే సూరతు వారికి రెండవ యిల్లు. జోల్వాలో కొందరు తెలుగువారిని ఈ రికార్డును గూర్చి అడిగి చూచితిని. మగ్గములు నడపి నడపి చెవులు మందగించిన పెద్దవాడొకడు, “పొద్దుగాల అది పెడితే పక్కింటోళ్లు ఉరికొస్తరు సారూ, ఎవరికేమైందోనని,” అనెను. ఒక యిల్లాలు మాత్రము, “మా మామ పోయిన్నాడు అదే పెట్టినం. ఆ గొంతు లేకుంటే మనోళ్లు లేని చోట సచ్చినట్టుంటది,” అని చెప్పెను. బడిపంతులుగా పనిచేసి విరమించిన యొకాయన కోపముతో, “అది బతికున్నోనికి చెప్పిన మాట, పీనుగుకు కాదు,” అనెను. ముగ్గురి మాటలోను సత్యము కలదు. ఆ యిల్లాలి మాట నన్ను ఎక్కువసేపు ఆపినది. పరదేశములో మరణించినవానికి తన భాషలో వీడ్కోలు చెప్పు గొంతు కావలెను. ఆ గొంతు రికార్డులో దొరికినది. దీనిని మూఢాచారమని నవ్వుట తేలిక.

అయినను పంతులుగారి ఆక్షేపణకు జవాబు రికార్డు కట్టుబడిలోనే వెదకవలెను. ప్రార్థనాశ్లోకము కాగానే వచనములో కథ ఎత్తుకొనును. యుద్ధము తప్పించుటకు కృష్ణుడు చేసిన యత్నము, రథము నిలుపుట, అర్జునుడు బంధువులను చూచి కరగుట, ఇదంతయు నాలుగు వాక్యములలో ముగియును. మొదటి అధ్యాయమంతటికిని అర్జునుని నోట ఒక్క శ్లోకము దక్కినది. ఆ వెంటనే రెండవ అధ్యాయము: దుఃఖింపదగనివారికై దుఃఖింపవలదనుట, బాల్య యౌవన వార్ధక్యములవలె దేహాంతరప్రాప్తి, పాతబట్ట విడిచి కొత్తబట్ట కట్టు మనుష్యుని ఉపమానము, ఆయుధమునకు తెగక అగ్నికి కాలని ఆత్మ, పుట్టినవానికి చావు తప్పదనుట. ఈ శ్లోకములన్నియు వరుసగా, రికార్డు మొదటనే వచ్చును. పెట్టినవాడు ఎవడైనను మొదటినుండియే పెట్టును. కనుక చావింటిలో వినబడునది సరిగా చావును గూర్చిన భాగమే. ఆచారము కృతిని వక్రీకరించినదని మనము అనుకొందుము; నిజమునకు జనులు మొదటి కొన్ని నిమిషములను ఉన్నది ఉన్నట్లు అర్థము చేసికొనిరి. వారు చేసిన పొరపాటు ఒక్కటే, అక్కడితో వినుట మానిరి. బట్ట ఉపమానమునే చూడుడు. వేదాంతి దానిని దేహము సంగతిగా వినును. బట్ట చినుగుటయేమో దినదినము చేతితో ఎఱిగినవాడు నేతగాడు. వాని వాడలో ఆ తాత్పర్యమునకు కలుగు బరువు మన వ్యాఖ్యానములలో లేదు.

ఇక ఏరుట సంగతి. గీతలో 700 శ్లోకములు. ఘంటసాలగారు పాడినవి నూరుకు పైచిలుకు మాత్రమే. బీటిల్స్ అభిమానులు కోయవలెనని తగవులాడుచున్న చోట, ఇక్కడ కోత ముందే జరిగిపోయినది, ఎవరును గమనింపలేదు. తెలుగువారికి ఇది కొత్త కాదు. తిక్కన సోమయాజి భీష్మపర్వములో గీతను కొలది పద్యములకు కుదించెను. పండితులకు అది కొఱతగా తోచవచ్చును. కాని ఇరుసేనల నడుమ కథ ఆగిపోకుండ నడపవలసిన కవి ఆయన. ఘంటసాలగారి కట్టడి వేరు, శ్రోత ఓపిక. ఇద్దరును తమ పని కొరకు ఏరిరి. తరువాతి కాలమున ఎల్.వి. గంగాధరశాస్త్రిగారు 700 శ్లోకములను తెలుగు తాత్పర్యముతో పాడి, సమగ్రతను కోరువారి కొఱతను తీర్చిరి. అది గొప్ప ప్రయాస; పారాయణమునకు అదియే తగును. అయినను చిన్న గీత పక్కకు జరుగలేదు. అలవాటు కొంత కారణము. మరికొంత కారణము, ఆ ఎన్నికలో ఒక నడక యుండుట. చావునుండి పనికి, పనినుండి కోపకామములకు, అక్కడినుండి ఆకు పువ్వు పండు నీరు ఇచ్చినను చాలునను భక్తికి, విశ్వరూపమునకు అది సాగిపోవును. ఉపన్యాసము వలె కాక కథ వలె సాగును.

రచయితలు ఈ రికార్డును పట్టించుకొనవలసిన కారణము నా దృష్టిలో తాత్పర్యవచనము. రంగస్థలపు పద్యమునకు పట్టిన రాగాల బరువును తగ్గించి మాటను వినిపించిన ఘనత ఘంటసాలగారిది. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము చదువురాని ఇంటికి సైతము చేరినది ఆ పద్ధతివలననే. గీతలో ఆయన అదే మెలకువను వచనమునకు చూపిరి. ఆ వచనము గ్రాంథికము, క్రియాపదములు నిండుగా ఉండును, సమాసములు చిన్నవి. ఊపిరి ఎక్కడ ఆగవలెనో అక్కడ వాక్యము ఆగును. చిన్నయసూరిగారి నీతిచంద్రికను బడిలో చదివి మరచినవారు మనలో వేలకొలది. ఈ తాత్పర్యమును బడిలో ఎవరును చెప్పలేదు, ఎవరును మరువలేదు. సూరతు నగరపాలక విద్యాసమితి తెలుగు మాధ్యమపు బడులను కూడ నడిపినది. అయినను మిల్లు పనికై ఊళ్లు మారు కుటుంబముల పిల్లలు గుజరాతీలోనే చదువు ముగించినవారు కలరు. జోల్వాలో అట్టి యువకు డొకడు తెలుగు అక్షరము చదువలేడు. కాని పదిపన్నెండు శ్లోకముల తాత్పర్యమును తడుముకొనక అప్పజెప్పెను. పలుకుబడి తెలంగాణపుది, వాక్యము గ్రాంథికము. “ఇది పుస్తకాల తెలుగని నాకు తెల్వదు,” అనెను. గ్రాంథికము చచ్చినదని మనము వ్యాసములు వ్రాయుచున్న కాలములో, అది ఒక మరమగ్గపు పనివాని నోటిలో ఏ పండితుని సాయము లేకుండ నిలిచియున్నది. వాడుకభాషావాదులు దీనికి కలతపడనక్కరలేదు. నేనును గ్రాంథికమును తిరిగి తేవలెనని చెప్పుటలేదు. చెవికి తగినట్లు కట్టిన వాక్యము ఏ భాషలోనైనను నిలుచునని మాత్రము ఇక్కడ తెలియుచున్నది.

దోషములు లేకపోలేదు. పదునొకండవ అధ్యాయమునకు వచ్చునప్పటికి గాత్రము పైకి లేచును, వచనము లేవదు. వేయి చేతుల రూపమును చూచి వణకు మనుష్యుని మాట, అంతకుముందు ఆహారనియమములు చెప్పిన స్వరముతోనే నడచును. సాత్త్విక రాజస తామస విభాగములున్న చోట, తాత్పర్యము పట్టిక చదివినట్లుండును. అర్జునుని వేదనకు ఒక్క శ్లోకమే ఇచ్చుటవలన, ఉపదేశము ఎంత పెద్ద ప్రశ్నకు సమాధానమో తెలియకుండ పోయినది. కుటుంబమంతయు చూచుచుండగా చేతిలోని విల్లు జారవిడిచిన మనుష్యుని దుఃఖము మరి రెండు శ్లోకముల కాలము నిలిచినచో, చావింటివారికి అది ఇంకను దగ్గరగా వచ్చియుండెడిది. వైట్ ఆల్బమ్ అభిమానులవలె నేనును ఒక జాబితా కట్టుచున్నాననుకొందురు గాక. వారు తీసివేయుదురు, నాకు రెండు చేర్చవలెనని యున్నది.

రికార్డు చివర, పదునెనిమిదవ అధ్యాయములో, కృష్ణుడు అర్జునుని ఒక మాట అడుగును: చెప్పినదంతయు మనసుపెట్టి వింటివా, నీ అవివేకము పోయినదా యని. అర్జునుడు తన సందేహములు తీరినవని చెప్పి, ఆజ్ఞకు సిద్ధపడును. ఆ ప్రశ్నకు ముందు ఘంటసాలగారు కొంచెమైనను తొందర చూపరు. ఎదుట ఒక మనుష్యుడు కూర్చున్నట్లే అడుగుదురు. జోల్వా యువకుని ఆ చోటును గూర్చి అడిగితిని. అక్కడిదాక తాను ఎన్నడును వినలేదనియు, ఇంటిలో ఎప్పుడును అంతవరకు పెట్టలేదనియు చెప్పెను.