సెక్షన్ 11 వెనక ప్రకాశం పంతులు

టంగుటూరి ప్రకాశం పంతులు అనగానే 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున మద్రాసులో తుపాకులకు ఎదురు నిలిచిన ధైర్యమే అందరికీ గుర్తొస్తుంది. ప్లీడరీతో బతుకుతున్న నాకు మాత్రం ఆయన మరోచోట ఇంకా పెద్దగా కనబడతారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉంటూ ఆయన నడిపిన జమీందారీ విచారణ సంఘం అది.

ఒంగోలులో తల్లి సుబ్బమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపి ఆయన్ని పెంచింది. రాజమండ్రిలో ప్లీడరీ, పురపాలక సంఘం అధ్యక్ష పదవి అయ్యాక ఆయన ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో బాగా సంపాదించారు. 1921లో సహాయ నిరాకరణ కోసం ప్రాక్టీసు వదులుకున్నారు. అయితే కోర్టు నేర్పిన విద్య ఆయన్ని వదల్లేదు. శాసనసభలో అది ఊళ్లకు ఊళ్ల తరఫున పనిచేసింది.

మా వృత్తికి ఒక హద్దుంది. క్లయింటు మా గుమ్మం ఎక్కితేనే కేసు. జమీందారీ రైతుకు ఆ గుమ్మం చాలా దూరం. ఎలాగో వచ్చినా లెక్కల పుస్తకాలన్నీ ఎస్టేటు కచేరీలోనే ఉండేవి. ప్రకాశం సంఘం తానే జిల్లాలకు వెళ్లింది. రైతులు చెప్పింది విన్నది, జమీందార్లు చెప్పిందీ విన్నది. 1802 నాటి శాశ్వత శిస్తు రెగ్యులేషన్‌ను ముందు పెట్టుకుని అసలు ప్రశ్న అడిగింది: భూమి ఎవరిది? 1938 నివేదిక తడుముకోకుండా జవాబిచ్చింది. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, శిస్తు ఆ రెగ్యులేషన్ నాటి స్థాయికి తగ్గాలి. సాక్షి మాట వినడం, పాత కాగితం చదవడం: ఈ రెండూ తెలిసిన వకీలు మాత్రమే చేయగల పని ఇది.

ఫలితం వెంటనే రాలేదు. 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. 1946లో ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యారు గానీ, ఏడాది తిరక్కుండానే దిగిపోవలసి వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేసరికి ఆయన పదవిలో లేరు. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా చేసిన పాలన కూడా పదమూడు నెలలకే ముగిసింది. పదవుల లెక్క చూస్తే ఆయనకు మిగిలింది తక్కువ.

అయినా ఆ 1948 చట్టం ఇవాళ్టికీ మా కోర్టులో నడుస్తోంది. సెక్షన్ 3 కింద ఎస్టేటు ప్రభుత్వపరమైంది. సెక్షన్ 11 కింద సాగులో ఉన్న రైతుకు రైత్వారీ పట్టా హక్కు వచ్చింది. పాత జమీందారీ గ్రామం దావా వచ్చిందంటే నేను మొదట అడిగేది ఆ పట్టానే. క్లయింటు ప్లాస్టిక్ సంచిలోంచి జాగ్రత్తగా తీస్తాడు. మడతల దగ్గర చిరిగి ఉంటుంది, సిరా వెలిసిపోయి ఉంటుంది. తాత పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. ఆ మూడూ చదవగలిగితే సగం బరువు దిగినట్టే.

కోర్టుల నుంచి శాసనసభకు వెళుతున్న మా వాళ్లను నేను కోరేది ఒక్కటే. సభలో గట్టిగా మాట్లాడటం మనకెలాగూ వచ్చు. బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపమని పట్టుబట్టండి. ఆ కమిటీలో కూర్చోండి. చట్టం ఎవరి మీద పడబోతోందో వాళ్ల ఊరికి వెళ్లి, వాళ్ల నోటితోనే వినండి. మనం గెలిచే కేసు ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది. అలా విని రాసిన ఒక్క సెక్షన్, రాసినవాళ్లు దిగిపోయాక కూడా మనమెప్పుడూ చూడని రైతు తరఫున వాదిస్తూనే ఉంటుంది.