పిప్ సిగ్గు, జో టోపీ

ఎదిగే వయసు నవలలు చదువుతూ మనం సాధారణంగా కథానాయకుడి మంచితనంలోనో, అతనికి జరిగిన అన్యాయంలోనో మనల్ని చూసుకుంటాం. చార్లెస్ డికెన్స్ రాసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో ఆ వెసులుబాటు లేదు. పిప్‌తో మనకు చుట్టరికం కలిసేది అతని సిగ్గు దగ్గర. పెంచిన మనిషిని చూసి సిగ్గుపడటం, అలా సిగ్గుపడినందుకు మళ్ళీ సిగ్గుపడటం. ఈ రెంటినీ ఒకే గొంతులో పలికించడమే ఈ నవల పనితనం.

డికెన్స్ దీన్ని 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా తన సొంత వారపత్రిక 'ఆల్ ద ఇయర్ రౌండ్'లో సీరియల్‌గా వేశాడు. కథ కెంట్ ప్రాంతపు చిత్తడి నేలల్లో మొదలవుతుంది. తల్లీ తండ్రీ లేని పిప్‌ని అక్క కొట్టి తిట్టి పెంచుతుంది. ఊరి కమ్మరి అయిన బావ జో, తనూ ఆమె చేత మాటలు పడుతూనే, వాణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకుంటాడు.

అలాంటి జో పిప్ కళ్ళకు తక్కువగా కనబడటం ఎక్కడ మొదలైంది? ఊళ్ళోని సంపన్నురాలు మిస్ హావిషామ్ ఇంట్లో పేకాడుతుంటే ఆమె పెంపుడు కూతురు ఎస్టెల్లా వాణ్ణి వెక్కిరిస్తుంది. మాట మొరటు, చేతులు మొరటు, బూట్లు మందం. అప్పటిదాకా వాడికి తన చేతులు మామూలు చేతులే. ఆ తర్వాత వాడికి వచ్చే ఆలోచన చూడండి: జో కాస్త నాగరికంగా పెరిగి ఉంటే తనకూ ఆ నాగరికత అబ్బేది కదా! అవమానించింది ఎస్టెల్లా, తప్పు మాత్రం జో మీద పడింది. పసిమనసు లెక్క ఎలా తప్పుతుందో డికెన్స్ ఒక్క అడుగులో చూపించాడు.

కథ చెప్పేది పెద్దవాడైన పిప్. చిన్నప్పటి తన నీచాన్ని అతను దాచడు, సమర్థించుకోడు. లండన్‌లో పెద్దమనిషిగా బతుకుతున్న తన దగ్గరికి జో వస్తున్నాడని తెలిసినప్పుడు, డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చేసేవాణ్ణని నిబ్బరంగా చెబుతాడు. మనం వేలెత్తి చూపేలోపే అతను నేరం ఒప్పేసుకున్నాడు. ఇక తీర్పు చెప్పే పని మనకు లేదు. చేతులు ఖాళీ అయిన పాఠకుడు తన సంగతి తాను తవ్వుకోవడం మొదలుపెడతాడు. పల్లె వదిలి పట్నం హాస్టళ్ళలో చదువుకున్న తరాల్లో, పంచెకట్టుతో, చేతిలో మూటతో వచ్చిన నాన్నను గేటు దగ్గరే మాట్లాడి పంపేసినవాళ్ళున్నారు. "ఎవర్రా ఆయన?" అని స్నేహితుడు అడిగితే "మా ఊరాయన" అని మాట తప్పించినవాళ్ళున్నారు. వాళ్ళకు పిప్ అర్థం కావడానికి ఇంగ్లండ్ తెలియనక్కర్లేదు.

జో లండన్ వచ్చిన 27వ అధ్యాయాన్ని రాసేవాళ్ళంతా విప్పి చూసుకోవాలి. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే వచ్చింది జో అని పిప్‌కి తెలిసిపోతుంది. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకోవడం ఎంతకీ తెమలదు. చేతిలో టోపీని ఎక్కడ పెట్టాలో తోచక, జో చివరికి దాన్ని చలిమంట గూటి పైనున్న బల్ల అంచున నిలబెడతాడు. అది పడుతుంది, ఇతను ఎగిరి పట్టుకుంటాడు. మళ్ళీ పడుతుంది. ఈ తంతు ఆ టోపీ టీ మడ్డి పోసే గిన్నెలో మునిగేదాకా సాగుతుంది. మాటకు ముందు 'సార్', మాటకు వెనక 'సార్'. మనకు నవ్వాగదు. పిప్ గదిలో ఉండే స్నేహితుడు బయటికి వెళ్ళాక జో తన మనసులో మాట చెబుతాడు: ఈ బట్టల్లో, ఈ ఊళ్ళో నేను ఇమడను, నన్ను చూడాలంటే కొలిమి దగ్గర చూడాలి. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఒక్క పేరాలో మనిషి నిటారుగా నిలబడతాడు. ఇంతసేపూ మనం నవ్వింది పిప్ పక్కన నిలబడి అని అప్పుడు తెలుస్తుంది. హాస్యంతో మనల్ని నేరంలో భాగస్తుల్ని చేసి, ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు డికెన్స్.

ఈ సిగ్గు డికెన్స్‌కు పరిచయమే: 1824లో తండ్రి అప్పులకు మార్షల్‌సీ జైలు పాలైతే, పన్నెండేళ్ళ డికెన్స్ బూట్ పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్ళు అంటించాడు. ఆ సంగతి లోకానికి తెలిసింది ఆయన పోయాక, స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్ర వల్లనే. ఆ గాయాన్ని అంతకుముందే 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో వాడుకున్నాడు. ఈ నవల మొదలుపెట్టే ముందు, రాసిందే మళ్ళీ రాయకూడదని దాన్ని తిరగేశాడు కూడా. తేడా స్పష్టం: డేవిడ్‌కి అన్యాయం జరుగుతుంది, పిప్ అన్యాయం చేస్తాడు.

కూర్పులో మరో ముడి ఉంది. 7వ అధ్యాయంలో చిన్న పిప్ పలక మీద రాసిన ఉత్తరంలో జో పోల్చుకోగలిగినవి తన పేరులోని అక్షరాలే. 57వ అధ్యాయంలో, జబ్బుపడ్డ పిప్ మంచం పక్కన, పిప్ చిన్ననాటి స్నేహితురాలు బిడ్డీ నేర్పిన అక్షరాలతో జో ఉత్తరం రాస్తాడు, కలాన్ని కమ్మరి పనిముట్టులా గట్టిగా పట్టుకుని. పిప్ చదువు అప్పుల్లో తేలితే, జో చదువు సేవలో తేలింది. పిప్ కోలుకునేకొద్దీ 'సార్' అన్న మాట మళ్ళీ జో నోట్లోకి వస్తుంది. ఒక పొద్దున జో వెళ్ళిపోయి ఉంటాడు. పిప్ బాకీపడ్డ నూట ఇరవై పౌండ్ల పైచిలుకు అప్పు తీర్చిన రసీదు మాత్రం ఉంటుంది.

ఇంత కథలోనూ డికెన్స్ మనల్ని జో మనసులోకి ఒక్కసారీ తీసుకెళ్ళడు. అతని బాధ మనకు చేతుల్లో, టోపీలో, పిలుపులోనే తెలుస్తుంది. అందుకే ఈ నవలకు రెండు వయసుల పాఠకులున్నారు. హాస్టల్ కుర్రాడికి పిప్ దొరుకుతాడు. అమెరికాలో కొడుకు ఇంట్లో ఏ స్విచ్ నొక్కితే ఏమవుతుందోనని వంటగదిలో చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రికి జో దొరుకుతాడు. రచయిత చెప్పకుండా వదిలిన చోటును ఆ తండ్రి తన అనుభవంతో నింపుకుంటాడు.