ఒక ఆత్మకథ - మన అభ్యుదయ భాష

పిరికితనాన్ని దూషించదలచినప్పుడు మన సభావేదికల మీద రెండు తిట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి "గాజులు తొడుక్కో" అన్నది; రెండవది "నపుంసక ప్రభుత్వం" అన్నది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం నెత్తురు ధారపోసి, 2021లో దాన్ని అమ్మజూపినప్పుడు మళ్ళీ రోడ్డెక్కిన విశాఖలో, పౌరుషమంటే మగతనమేనని చెప్పే ఈ పలుకుబడి మనకు ఎబ్బెట్టుగా తోచదు. రేవతి ఆత్మకథ చదివాక కూడా తోచకపోతే ఆ లోపం పుస్తకానిది కాదు, మనది.

ఆ పుస్తకం 'ఒక హిజ్రా ఆత్మకథ'. పి. సత్యవతి తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. తమిళనాడులో, నామక్కల్ ప్రాంతపు పల్లెలో, రేవతి మగబిడ్డగా లెక్కకెక్కారు. తాను ఆడపిల్లనని చిన్ననాడే ఎరిగారు. అన్నల చేతి దెబ్బలు, ఇల్లు విడిచి ఢిల్లీ చేరడం, బొంబాయిలో ఒళ్ళమ్ముకుని బతకడం, పోలీసుల హింస, ఆస్తి దగ్గర తోబుట్టువులతో తగాదా - ఇదీ ఇతివృత్తం. రచయిత్రి దీన్ని అలంకరించలేదు, కన్నీటికోసం సాగదియ్యలేదు. తనను ఆదరించిన హిజ్రాల ఇంట్లో సైతం గురువుకు చేలా మీద పెత్తనం ఉందన్న సంగతి దాచలేదు. ఆశ్రయమిచ్చిన చోట కూడా అధికారాన్ని చూడగలగడమే వాస్తవికత.

మన విశాఖలోనే రావిశాస్త్రి 'మాయ' కథలో ముత్యాలమ్మ చేత, ఆమె సొంత యాసలోనే, పోలీసుల బండారమూ కోర్టుల బండారమూ బయటపెట్టించారు. అది గొప్ప పని. అయినా అక్కడ కలం వకీలుది. ఇక్కడ కక్షిదారే కలం పట్టింది. అందుచేత పాఠకుడికి జాలిపడి తప్పుకునే వీలు తక్కువ. జవాబు చెప్పవలసిన బాధ్యత ఎక్కువ.

ఇది వ్యక్తిగత సమస్యే గాని వర్గసమస్య కాదని కొందరు మిత్రులు అనవచ్చు. ఇంటినుంచి గెంటివేయబడిన మనిషికి అద్దెగది దొరక్క, ఫ్యాక్టరీ గేటు తెరుచుకోక, బిచ్చమో ఒళ్ళమ్ముకోవడమో మాత్రమే మిగిలితే, అది శ్రమకు సంబంధించిన ప్రశ్న కాక మరేమిటి? ఎవరు స్త్రీయో, ఎవరు పురుషుడో, ఎవరు మూడవ జెండరో వారే చెప్పుకోవచ్చునని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చదువులోనూ ఉద్యోగాలలోనూ రిజర్వేషన్ కల్పించమని ప్రభుత్వాలను ఆదేశించింది. 2019లో వచ్చిన చట్టం గుర్తింపుకు జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రం కావాలన్నది. రిజర్వేషన్ ఊసే ఎత్తలేదు. ఉద్యోగం లేని గుర్తింపు ఎవరి ఆకలి తీరుస్తుంది?

చట్టంతో పోరాటం దీర్ఘకాలికం. మాట మార్చుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఇల్లు పోగొట్టుకుని, శరీరం మీద కోత భరించి, లాఠీదెబ్బలు తిని, చివరకు తన కథను తన పేరుతో లోకం ముందు పెట్టిన మనిషి పిరికితనానికి ఉపమానం ఎలా అవుతుంది? మన ఉపన్యాసాలలోంచి, కవితలలోంచి, గోడమీది నినాదాలలోంచి ఆ రెండు తిట్లనూ తీసివెయ్యాలి. దోపిడీదారును నిందించడానికి అతని దోపిడీ చాలదా?