రెండు పైన, రెండు కింద

సోలాపూర్ భద్రావతి పేఠలో మా మేనమామ ఇంటి వెనక షెడ్డులో ఇప్పటికీ నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతున్నాయి. పుణెలో ఇంజనీరింగు చదివే మా తమ్ముడు కిందటి దసరాకు వచ్చినప్పుడు జేబులోంచి ఒక గుడ్డ ముక్క తీసి మామ చేతిలో పెట్టాడు. వాళ్ల కాలేజీ పిల్లలు కట్టుకుంటున్న రేసు బండి కోసం తెప్పించిన గుడ్డలో మిగిలిన ముక్క అది. నల్లగా తళతళలాడుతోంది. అరచేతికన్నా పెద్దది కాదు.

"ఇది కార్బన్ ఫైబర్ మామా. రేసు కార్ల ఒళ్లంతా దీంతోనే చేస్తరు."

మామ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. చద్దరు పోగులు లెక్కపెట్టే చిన్న అద్దం తెచ్చి దాని మీద ఆనించాడు. అంచు దగ్గర ఒక పోగును గోటితో లాగితే సుళువుగా జారి వచ్చేసింది.

"ఇది నేసిందే కదరా! రెండు పైన, రెండు కింద. ట్విల్లు."

నలభై ఏళ్లుగా పడుగూ పేకా చూస్తున్న కంటికి దాన్ని పోల్చుకోవడానికి అర నిమిషం పట్టలేదు. పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా వెళ్లి, తర్వాతి రెండింటి కిందికి దూరుతుంది. తర్వాతి వరస ఒక్క పోగు పక్కకు జరిగి అదే పని చేస్తుంది. అందుకే గుడ్డ మీద ఏటవాలు గీతలు కనబడతాయి. మనం తొడిగే జీన్సు ప్యాంటు మీద ఉన్నవీ ఆ జాతి గీతలే. తేడా అంతా పోగులో ఉంది. కార్బన్ పోగు ఒక్కటి తీసుకుంటే అందులో మూడు వేల సన్నని తంతువులుంటాయి, కొన్ని రకాల్లో పన్నెండు వేలు. ఒక్కో తంతువు మందం ఏడు మైక్రాన్ల దాకా, అంటే మన తల వెంట్రుకలో పదో వంతు. వాటిని పురి పెట్టకుండా పట్టీలా పరిచి నేస్తారు. పురి పెడితే తంతువులు వంకర తిరిగి బలం తగ్గుతుంది.

సాదా నేత వదిలి ట్విల్లు ఎందుకు నేస్తారో తమ్ముడు చెప్పబోయేలోపే మామ ముక్కను మోకాలి మీద పరిచి చూపించాడు. ట్విల్లుకు ముడులు తక్కువ, ఒంపు మీద వాలిపోతుంది. సాదా నేత బిర్రుగా ఉండి ముడత పడుతుంది. రేసు కారు ముక్కు, రెక్కలు, డ్రైవరు కూర్చునే తొట్టి అన్నీ ఒంపులే. ఆ ఒంపుల మీద ఈ గుడ్డను పొరలు పొరలుగా పరిచి, జిగురు పట్టించి, గాలి పీల్చేసి, ఒత్తిడి కింద పొయ్యిలో ఉడికిస్తారు. చల్లారాక అది గుడ్డ కాదు. ఉక్కుతో సమానమైన పలక, బరువు మాత్రం అందులో నాలుగో ఐదో వంతు.

అప్పుడు మామ అడిగిన ప్రశ్న నాకింకా చెవిలో ఉంది. "ఒంపు కాడ పోగు ఎటు పోతది?"

రేసు కారు కట్టే ప్రతి పెద్ద సంస్థలోనూ ఇంజనీర్లు తల బాదుకునేది ఈ ప్రశ్న దగ్గరే. కార్బన్ తంతువుకు బలమంతా పొడుగునా ఉంటుంది, అడ్డంగా లాగితే ఏమీ ఉండదు. అందుకే ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా, ఒక పొర 45 డిగ్రీల ఏటవాలుగా పెడతారు. ఒంపు దగ్గర, మూల దగ్గర, ఇనుప ముక్క వచ్చి కార్బన్‌తో కలిసే చోట పోగు దారి తప్పితే, బండి అక్కడే విరుగుతుంది.

మహీంద్రా రేసు బండ్ల కథ ఆ రోజు నుంచీ నాకు ఈ ప్రశ్నలోంచే కనబడుతోంది.

మా ఊరికీ మహీంద్రాకూ మధ్య ఒక రోడ్డుంది. పుణె నుంచి హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సోలాపూర్ మీదుగా పోతుంది. పుణె కొసన చాకన్‌లో మహీంద్రా కార్ల కర్మాగారం, హైదరాబాదు కొసన జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారం. ఆ రోడ్డు పట్టుకునే తమ్ముడూ నేనూ 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డుకు వెళ్లాం. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్ల చుట్టూ 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ వేసి, భారతదేశంలో మొదటి ఫార్ములా ఈ పోటీ, అంటే కరెంటు కార్ల పోటీ, పెట్టారు. 2013లో గ్రేటర్ నోయిడాలో ఆగిపోయిన ఫార్ములా వన్ తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి కారు పోటీ మన దేశానికి రావడం అదే మొదలు. మహీంద్రాకు అది సొంతింటి పోటీ. దాని ఎర్ర బండి మలుపు తిరిగిన ప్రతిసారీ మా చుట్టూ కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. గెలిచింది ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్. మహీంద్రా తరఫున ఆలివర్ రోలాండ్ ఆరో స్థానంలో వచ్చాడు. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ బండ్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని పోటీ లోంచి పోయాయి. అందరికంటే ముందు, పోల్ పొజిషన్లో, మొదలైన బండి వాటిలో ఒకటి.

మహీంద్రా బండి పనితనం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ ఏడాది వచ్చిన మూడో తరం ఫార్ములా ఈ కార్లలో తొట్టి, బ్యాటరీ, టైర్లు, ముందు మోటారు అన్ని జట్లకూ ఒకటే. నిర్వాహకులు ఇచ్చినవి వాడుకోవలసిందే. ఒక సంస్థ తన చేత్తో చేసేది బండి వెనక భాగం: 350 కిలోవాట్ల మోటారు, దానికి కరెంటు అందించే ఇన్వర్టరు, గేరు పెట్టె, వెనక సస్పెన్షన్, వీటన్నిటినీ ఆడించే సాఫ్ట్‌వేర్. అందరికీ పడుగు చుట్టిన భీము ఒకటే ఇచ్చి, పేక మాత్రం మీ ఇష్టం అన్నట్టు. మామ లాంటివాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఒకే భీము మీద ఇద్దరు నేసిన గుడ్డల్లో తేడా వాళ్లకు రోజూ కనబడేదే.

ఇంకో మాట విని మామ నమ్మలేదు. ఈ కార్ల పై తొడుగులో పాత బండ్ల నుంచి తీసి మళ్లీ వాడిన కార్బన్‌తో పాటు లినెన్ కూడా ఉంది. అవిసె నారతో నేసిన గుడ్డ. గంటకు 320 కిలోమీటర్ల పైచిలుకు వేగానికి తయారైన బండి ఒంటి మీద నార బట్ట!

వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. మోటారే ఎదురు తిరిగి బండిని నిదానింపజేస్తుంది. అలా నిదానించినప్పుడు పుట్టిన కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. పోటీలో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా వెనక్కి రాబట్టుకోవచ్చు. అంటే వెనక మోటారు, దాని అతుకులు, దాన్ని మోసే చేతులు ప్రతి మలుపులో రెండు వైపులా లాగుడు పడతాయి: వదిలినప్పుడు ఒక వైపు, పట్టినప్పుడు ఇంకో వైపు.

హైదరాబాదు పోటీ అయిన రెండు వారాలకు కేప్ టౌన్‌లో మహీంద్రా తన రెండు బండ్లనూ పోటీ నుంచి వెనక్కి తీసుకుంది. వెనక సస్పెన్షన్ భాగాల మీద అనుమానం వచ్చింది, డ్రైవరు ప్రాణం మీదికి తెచ్చుకోలేం అన్నారు. మహీంద్రా వెనక భాగాన్నే కొని వాడుతున్న ఆప్ట్ కుప్రా జట్టు కూడా తన రెండు బండ్లూ నిలిపేసింది. గ్రిడ్ మీద నాలుగు ఖాళీలు. చూసినవాళ్లకు అది పరువు పోయిన రోజు. నాకు మాత్రం ఆ సంస్థ మీద గౌరవం పెరిగిన రోజు.

ఎందుకో చెప్పాలంటే మా షెడ్డులోకి రావాలి. పేక తెగితే మా సాంచా తనంతట తనే ఆగుతుంది. పేక నూలు మోసే ధోటా పోయిన దారిలో నూలు లేకపోతే ఫోర్కు పడిపోయి మీట తంతుంది. పడుగు పోగు తెగితే ఆపే ఏర్పాటు మా పాత సాంచాలకు లేదు. మనిషి కన్నే ఆపాలి. సోలాపూర్ చద్దరు జకార్డు మీద రెండు పొరలుగా నేసేది. పైన నెమలి ఎర్రగా ఉంటే వెనక అదే నెమలి రంగులు తిరగబడి వస్తుంది. ఇటు తెగిన పోగు అటు కూడా గీత పెడుతుంది. ఆపకుండా పది గజాలు పోనిస్తే ఆ పది గజాలూ రెండో రకం. ఆపితే ఆ గంట కూలి పోతుంది. ఆపాలా వద్దా అన్నది నేతగాడికి రోజుకు ఇరవై సార్లు ఎదురయ్యే నిర్ణయం. మామ ప్రతిసారీ ఆపుతాడు. కళ్లు నొప్పెట్టే వయసులో కూడా ఆపి, వంగి, తెగిన పోగు కొస వెతికి అతుకు వేస్తాడు.

మహీంద్రా బండ్లకు అతుకుల దగ్గర దెబ్బ తగలడం కేప్ టౌన్‌తో మొదలు కాలేదు. 2018లో రోమ్‌లో స్వీడన్ కుర్రాడు ఫెలిక్స్ రోసెన్‌క్విస్ట్ పోల్ నుంచి మొదలై ముందంజలో ఉండగా కర్బు తగిలి సస్పెన్షన్ విరిగింది. అంతకు కొన్ని వారాల ముందు మెక్సికోలో ముందంజలో ఉన్న అదే కుర్రాడి బండి కరెంటు దెబ్బతిని ఆగిపోయింది. చాంపియన్‌షిప్ చేతికందే దూరంలో ఉన్న ఏడాది అది.

ఇదే రోసెన్‌క్విస్ట్ 2017 జూన్ 10న బెర్లిన్‌లో మహీంద్రాకు ఫార్ములా ఈలో మొదటి గెలుపు తెచ్చాడు. రెండో స్థానంలో బ్రెజిల్ డ్రైవరు లూకాస్ డి గ్రాసీ, మూడో స్థానంలో మహీంద్రా రెండో బండి నడిపిన నిక్ హైడ్‌ఫెల్డ్. 2014లో మొదటి సీజన్ నుంచీ ఉన్న జట్టుకు మూడేళ్ల తర్వాత పండగ. మర్నాడు కూడా అతనే ముందు గీత దాటాడు. కానీ పిట్‌లో బండి మార్చుకుని బయటికి వచ్చేటప్పుడు ప్రమాదకరంగా వదిలారని 10 సెకన్ల జరిమానా వేశారు. గెలుపు సెబాస్టియన్ బ్యూమీకి పోయింది. ఆ రెండు రోజుల్ని పక్కపక్కన పెడితే ఈ సంస్థ రేసుల కథంతా కనబడుతుంది.

2019 ఫిబ్రవరిలో మెక్సికోలో జరిగింది చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. మహీంద్రా డ్రైవరు పాస్కల్ వెర్లీన్ పోల్ నుంచి మొదలై చివరి ల్యాపు దాకా ముందున్నాడు. వెనకే డి గ్రాసీ. ఆఖరి మలుపు తిరిగాక వెర్లీన్ బ్యాటరీలో శక్తి అయిపోయింది. ధోటాలో కండె నూలు అంచు ఇంకా జానెడు ఉందనగా అయిపోతే ఎలా ఉంటుందో అలా. ఎర్ర బండి మెత్తబడింది, డి గ్రాసీ గోడ పక్కనుంచి దూరి 0.210 సెకన్ల తేడాతో గీత దాటాడు. ఆ పైన షికేన్ అనే మెలిక మలుపును అడ్డంగా కోశాడని వెర్లీన్‌కు అయిదు సెకన్ల జరిమానా, రెండో స్థానం కాస్తా ఆరు. అప్పుడు గెలుపు తన్నుకుపోయిన ఆ డి గ్రాసీయే నాలుగేళ్ల తర్వాత మహీంద్రా బండెక్కాడు. 2023 జనవరిలో అదే మెక్సికోలో మహీంద్రాకు పోల్ తెచ్చి మూడో స్థానంలో నిలిచాడు. మూడో తరం బండికి అదే మొదటి పోటీ. దాని తర్వాతే కేప్ టౌన్.

రెండు చక్రాల మీద కూడా ఇదే దారి. 2011లో మహీంద్రా 125 సీసీ గ్రాండ్ ప్రీ పోటీల్లోకి దిగి ఆ ఏడాది ఆఖరి పోటీలో వలెన్సియాలో పోల్ సంపాదించింది. మరుసటి ఏడాది మోటో3 వచ్చి ఇంజన్ల నియమాలు మారాక వెనకబడింది. స్విట్జర్లాండ్‌కు చెందిన సుటర్‌తో కలిసి బండిని మళ్లీ మొదటి నుంచి కట్టారు. 2013లో మలేసియాలో పోర్చుగీసు కుర్రాడు మిగెల్ ఒలివేరా మొదటి పోడియం తెచ్చాడు. 2016 జూన్‌లో ఆసెన్‌లో ఇటలీ కుర్రాడు ఫ్రాంచెస్కో బన్యాయా మొదటి గెలుపు. ఆ బన్యాయాయే తర్వాత 2022, 2023లలో మోటోజీపీ ప్రపంచ విజేత. 2017 ముగిశాక మహీంద్రా ఆ పోటీల నుంచి తప్పుకుంది. గెలుపు రుచి చూసిన ఏడాదికే వదిలేయడం నాకు నచ్చలేదు. ఇంకో రెండేళ్లు ఉండాల్సింది.

ఫార్ములా ఈలో మాత్రం ఉన్నారు. 2021 జులైలో లండన్‌లో అలెక్స్ లిన్ గెలిచాక 2023లో జట్ల పట్టికలో పదో స్థానానికి జారి, డ్రైవర్లను మార్చి, వెనక భాగాన్ని ఒక్కో ముక్కా సరిచేసుకుంటూ 2024-25 సీజన్లో నాలుగో స్థానానికి వచ్చారు. ముందున్నవి పోర్షా, జాగ్వార్, నిస్సాన్. ఈ పని కప్పుల ఫోటోల్లో కనబడదు. గేరు పెట్టె గోడ మందం ఎంత, సస్పెన్షన్ చెయ్యి ఏ కోణంలో వచ్చి అతుకుతోంది, బ్రేకు వేసిన క్షణంలో మోటారు ఎంత కరెంటు మింగాలి, ఇలాంటి వందల చిన్న నిర్ణయాల్లో ఉంటుంది. హైదరాబాదు ట్రాక్ మీద మళ్లీ ఆ బండ్లను చూడాలనుకున్నాం. 2024 పోటీ రద్దయింది.

మామకు ఈ గెలుపు ఓటముల లెక్క పట్టలేదు. తమ్ముడు ఫోనులో కేప్ టౌన్ వార్త చూపించి, వెనక చక్రాన్ని పట్టుకునే చేతుల బొమ్మ వేలితో పెద్దది చేశాడు. మామ అద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. మూడో నంబరు సాంచా దగ్గర పోగు తెగిన చప్పుడు నాకు వినబడలేదు కానీ ఆయనకు వినబడింది. లేచి మీట వేసి ఆపాడు. వంగి, రెండు కొసలూ దొరకబుచ్చుకుని, వేళ్ల మధ్య తిప్పి అతికాడు. సాంచా మళ్లీ అందుకున్నాక ఆ చప్పుట్లోంచే గొంతు పెంచి అన్నాడు:

"ఈ సపాటు ముక్క నాకెందుకురా, మళ్లొచ్చేటప్పుడు ఆ ఒంపు కాడిది ఒక ముక్క తే."

తమ్ముడు సంక్రాంతికి వస్తానన్నాడు.