వలదన్నవారే మఱల వచ్చుట

“ఎవరు వచ్చినను మనకు ఒరిగెడి దేమున్నది?” అను మాట నెల్లికుదురు మొదలుకొని అటు తొఱ్ఱూరు వఱకును, ఇటు మానుకోట వఱకును అరుగులమీదను, తేనీటి దుకాణములయొద్దను నిత్యము వినవచ్చుచుండును. చదువుకొన్నవారు దీనిని విని, పల్లెవారికి రాజకీయజ్ఞానము లేదనియు, ప్రజాస్వామ్యమునందు శ్రద్ధ లేదనియు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు సరియైనది కాదని నా యభిప్రాయము. శ్రద్ధ లేనివాడు ఎండలో నిలిచి ఓటు వేయడు. 2023 నవంబరు 30వ తేదీన జరిగిన తెలంగాణ శాసనసభ యెన్నికలలో నూటికి 70 మందికి మించి ఓటు వేసిరి. ఆ సంఖ్య సగమునకు దిగువకు పడినది హైదరాబాదు నగరమునందు గాని పల్లెలలో గాదు. జ్ఞానము లేదని పల్లెలను నిందించువారిలో ఎందఱు ఆ దినమున ఇల్లు కదలిరో వారే చెప్పవలెను.

విసుగు మనకు మాత్రమే కలిగినది కాదు. పార్లమెంటునకు పుట్టినిల్లని పేరొందిన బ్రిటనులో 2024 జూలై 4వ తేదీన ఎన్నికలు జరుగగా, ఓటు వేసినవారు నూటికి 60 మంది. రెండు ప్రధానపక్షములకును కలిపి వచ్చిన ఓట్లు నూటికి 57 మాత్రమే. నూటికి 34 ఓట్లు పొందిన లేబరు పక్షమునకు 650 స్థానములలో 400 మించి దక్కినవి. నూటికి 14 ఓట్లు పొందిన రిఫారం పక్షమునకు అయిదే దక్కినవి. కావున అచ్చటి పౌరునికి “నా ఓటు సభలో అడుగుపెట్టకయే పోయినది” అను మనోవ్యథ కలదు. మన వ్యథ వేఱు. మన ఓటు సభలో అడుగుపెట్టును. మన పేరు చెప్పుకొని కూర్చుండును. పిమ్మట మనతో చెప్పకయే లేచి ఎదుటి వరుసలోనికి పోవును. ఈ భేదమును గుర్తింపక, ఇంగ్లాండులోను ఇట్లే యున్నదని ఊఱడిల్లుట తగదు.

ఇందుకు దృష్టాంతము కొఱకు దూరము పోనక్కఱలేదు. నెల్లికుదురు మండలము మహబూబాబాదు శాసనసభా నియోజకవర్గములోనిది. పొరుగు నియోజకవర్గము డోర్నకలు. 2009లో డోర్నకలునందు కాంగ్రెసు పక్షమున డి. ఎస్. రెడ్యానాయక్ గారును, తెలుగుదేశము పక్షమున సత్యవతి రాథోడ్ గారును తలపడగా సత్యవతి రాథోడ్ గారు గెలిచిరి. 2014లో మఱల వారిరువురే తలపడిరి. అప్పటికి ఆమె తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరియుండిరి. ఈ మాఱు గెలుపు కాంగ్రెసు పక్షమున నిలిచిన రెడ్యానాయక్ గారిది. గెలిచిన పిదప ఆయనయు ఆ సమితిలోనే చేరిరి. 2018లో ఆ పక్షము పేరనే గెలిచిరి. 2019లో సత్యవతి రాథోడ్ గారు అదే పక్షపు ప్రభుత్వములో మంత్రులైరి.

ఇందులో చట్టవిరుద్ధమైనది యొకటి జరిగినదని నేను చెప్పుటలేదు. వ్యక్తులను నిందించుటయు నా యుద్దేశము గాదు. ఓటరుని స్థానమున నిలిచి చూడుడు. 2014లో సమితి వలదని కాంగ్రెసునకు ఓటు వేసిన రైతునకు సమితియే లభించినది. రెడ్యానాయక్ గారు వలదని సమితికి ఓటు వేసిన రైతునకు సమితి రూపమున రెడ్యానాయక్ గారే లభించిరి. ఇరువురును పోరాడిరి, వాదులాడుకొనిరి, ఒకే కుటుంబములో అన్నయొక గుర్తునకు, తమ్ముడొక గుర్తునకు ఓటు వేసి పలుకుట మానుకొనిరి. తుదకు ఇరువురి ఓట్లును ఒకే యింటికి చేరినవి. అన్నదమ్ములు మాత్రము ఇంకను పలుకుకొనలేదేమో!

2024 లోక్‌సభ యెన్నికలలో మహబూబాబాదునందు మఱియొక వింత జరిగినది. కాంగ్రెసు నిలిపిన బలరాం నాయక్ గారు 2009లో అచ్చటి సభ్యులు. భారతీయ జనతా పార్టీ నిలిపిన సీతారాం నాయక్ గారు 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి పేర గెలిచిన సభ్యులు. భారత రాష్ట్ర సమితియని పేరు మార్చుకొన్న ఆ సమితి నిలిపిన మాలోతు కవిత గారు 2019 నాటి సభ్యులు. రెడ్యానాయక్ గారి కుమార్తె. 2009లో మహబూబాబాదు శాసనసభా స్థానమును కాంగ్రెసు పేర గెలిచినవారు. మూడు ప్రధానపక్షములు, మూడు జెండాలు. ముగ్గురును వెనుకటి సభ్యులే. బలరాం నాయక్ గారు గెలిచిరి. మార్పు కావలెనని కోరిన ఓటరు ఆ దినమున ఏ గుర్తును నొక్కవలసియుండెను?

ఈ వ్యాధి నేటిది కాదు. 1969 ఉద్యమము తరువాత కాంగ్రెసుపై కోపించిన తెలంగాణ ప్రజలు 1971లో 14 లోక్‌సభ స్థానములలో పదింటిని తెలంగాణ ప్రజాసమితికి ఇచ్చిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ప్రజాసమితి కాంగ్రెసులో విలీనమైనది. “ఎవరు వచ్చినను” అను మాటను మన తాతలు పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు.

పక్షము మార్చినవారు చెప్పెడి కారణ మొక్కటియే: “నియోజకవర్గాభివృద్ధి కొఱకు.” ఈ మాటను మనము విని విని దానియర్థమును విచారించుట మానితిమి. ఈ మాట నిజమైనచో, ప్రభుత్వపక్షములో లేని శాసనసభ్యుని ఊరికి రోడ్డు రాదు, చెఱువునకు మరమ్మతు కాదు అని దాని భావము. అనగా ప్రజలు కట్టిన పన్ను ప్రభుత్వపక్షపు సొంత సొమ్మైనదని ఒప్పుకొనుటయే. ఇంతటి నేరారోపణము తమ క్రొత్త పక్షముమీద చేయుచు ఆ పక్షములోనికే పోవుట విచిత్రము గదా! ఆ మాట నిజము కానిచో, పోయినది మఱియొకదాని కొఱకని స్పష్టమే. రెండింటిలో ఏది నిజమో చెప్పుమని గుమ్మమునకు వచ్చినవారిని ఎవరును అడుగరు. మంగళహారతి యిచ్చి బొట్టు పెట్టుదురు.

చట్టము లేదా యనిన, ఉన్నది. 1985లో 52వ సవరణముచే రాజ్యాంగమునకు పదవ షెడ్యూలు చేర్చి ఫిరాయింపును నిషేధించిరి. మూడవవంతు సభ్యులు చీలిన దోషము లేదను వెసులుబాటును 2003లో 91వ సవరణముచే తొలగించిరి. మూడింట రెండువంతులు విలీనమైన దోషము లేదను వెసులుబాటు మాత్రము నిలిచినది. ఒక్కడు గోడ దూకిన దొంగ, పండ్రెండుగురు దూకిన వియ్యమువారు! 2019 జూన్‌లో తెలంగాణ శాసనసభలోని 18 మంది కాంగ్రెసు సభ్యులలో 12 మంది ఈ దారినే సమితిలో విలీనమైరి. ప్రజాస్వామ్యము హత్యకు గుఱియైనదని కాంగ్రెసువారు ఆనాడు ఘోషించిరి. 2024 ఏప్రిలులో ప్రకటించిన ఎన్నికల ప్రణాళికలో, పక్షము మార్చిన సభ్యుని సభ్యత్వము తనంతట రద్దగునట్లు సవరణము చేసెదమని వాగ్దానమును చేసిరి. ఆ వాగ్దానమునకు కొన్ని దినములకు ముందే, మన ఉమ్మడి వరంగల్లు జిల్లాలోని స్టేషన్ ఘనపురము నుండి భారత రాష్ట్ర సమితి పేర గెలిచిన కడియం శ్రీహరి గారిని చేర్చుకొనిరి. అట్టివారి సంఖ్య క్రమముగా పదియైనది. వారి యనర్హతను గూర్చిన ఫిర్యాదులను మూడు మాసములలో తేల్చవలెనని సుప్రీంకోర్టు 2025 జూలై 31వ తేదీన సభాపతికి ఆదేశ మిచ్చినది. తీర్పు చెప్పవలసిన సభాపతి ప్రభుత్వపక్షమునకు చెందినవాడే యగుట ఈ చట్టములోని మూలదోషము. దీనిని ఏ పక్షమును అధికారమున నున్నపుడు దిద్దలేదు.

ఇదంతయు పెద్దలవ్యవహారము, వంటింటికి దీనితో నేమి పనియని గృహిణులు తలంపవచ్చును. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మహబూబాబాదు జిల్లాలో 45 కిలోల యూరియా బస్తా కొఱకు స్త్రీలు తెల్లవాఱకమునుపే వచ్చి సహకారసంఘములయెదుట వరుసలు కట్టిరి. నిలువలేనివారు తమకు బదులుగా చెప్పులను, పట్టాదారు పుస్తకములను వరుసలో నుంచిరి. కేంద్రము పంపలేదని రాష్ట్రమంత్రులు; పంపినదానిని రాష్ట్రము సరిగా పంచలేదని భారతీయ జనతా పార్టీవారు; తమ కాలమున ఈ యగచాట్లు లేవని సమితివారు. రామగుండపు కర్మాగారము కొంతకాలము నిలిచినదనియు, దిగుమతులు తగ్గినవనియు ఇంకొక వాదము. వీనిలో ప్రతిదానియందును కొంత నిజముండవచ్చును. కాని వరిపైరు వాదములకొఱకు ఆగదు. జవాబు చెప్పవలసినవా డెవడో నిర్ణయించుటకే మనము ఎన్నికలు జరుపుకొనుచున్నాము. జవాబుదారియే ఈ జెండానుండి ఆ జెండాకు మాఱుచుండగా, నిన్నటి లోపమునకు ఎవనిని పట్టుకొని యడుగవలెను?

ఓటునకు సొమ్ము తీసికొనువారికి అడుగు హక్కెక్కడిదని నాయకులు ఎదురుమాట చెప్పుదురు. ఇందులో సగము సత్యము లేకపోలేదు. రాత్రివేళ కవరు పుచ్చుకొనుట గౌరవకుటుంబములలో సైతము తప్పుగా తోచుటలేదు. ఐనను ఇచ్చినవాడు పుచ్చుకొన్నవానికి నీతి బోధించుట ఎంత విడ్డూరము!

పక్షము మార్చుట పాపమని నేను వాదింపను. మనసు మాఱవచ్చును. మాఱినపుడు ఓటరు వద్దకు తిరిగి పోవలెను. ఫిరాయింపు చట్టమే లేని బ్రిటనులో 2014లో కన్సర్వేటివు సభ్యులైన డగ్లస్ కార్స్‌వెల్, మార్క్ రెక్‌లెస్ అనువారు యూకిప్ పక్షమున చేరునపుడు రాజీనామా యిచ్చి ఉపయెన్నికలలో నిలిచి గెలిచిరి. మన ప్రాంతమునను ఇట్టివారు లేకపోలేదు. ఈటల రాజేందర్ గారు 2021లో సమితిని వీడునపుడు రాజీనామా యిచ్చి, హుజూరాబాదులో భారతీయ జనతా పార్టీ పేర మఱల గెలిచిరి. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి గారు 2022లో కాంగ్రెసును వీడి రాజీనామా యిచ్చి, మునుగోడులో ఆ పార్టీ పేరనే నిలిచి ఓడిపోయిరి. 2023లో కాంగ్రెసునకు తిరిగివచ్చి గెలిచిరి. ఆయన రాకపోకలకు నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును. రాకకును పోకకును మునుగోడు ప్రజలు తీర్పు చెప్పగలిగిరి. డోర్నకలు ప్రజలకు 2014లో ఆ యవకాశము కలుగలేదు.

ఇక మన గుమ్మమునకు మిక్కిలి దగ్గఱనున్నది గ్రామపంచాయతీ. చట్టప్రకారము దాని యెన్నికలలో పక్షముల గుర్తులు లేవు. 2024 ఫిబ్రవరి మొదలుకొని సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలనలో నున్న గ్రామములకు 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగినవి. ఓట్ల లెక్క ముగిసినంతనే, తాము బలపఱచినవారు ఇందఱు గెలిచిరని ప్రధానపక్షములు లెక్కలు ప్రకటించుకొనిరి. గుర్తు లేని యెన్నికలో గెలిచిన సర్పంచి మెడలో ఏ రంగు కండువా పడినను, ఆతడు శాసనసభ్యునివలె హైదరాబాదునకు పోయి దాగలేడు. మన వాడలోనే యుండును. రెండు నెలలకొకసారి గ్రామసభ జరుపవలెనని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము విధించుచున్నది. నెల్లికుదురు గృహిణులు ఆ సభకు పోయి, కండువా కప్పుకొన్న సర్పంచిని నిలిపి కారణ మడుగుటకు ఏ సభాపతి యనుమతియు అక్కఱలేదు.