'కొల్లేటి జాడలు' ఎవరి జాడలు?

అక్కినేని కుటుంబరావు ఈ నవల ఎందుకు రాశారన్నది దాని పేరులోనే ఉంది. సరస్సు ఉన్నన్నాళ్ళు ఎవరూ జాడలు వెతకరు. కళ్ళముందు కొల్లేరు చచ్చిపోయిన బాధ ఆయన చేత రాయించింది. బాల్య జ్ఞాపకం ఆయనకి సామగ్రి. 2020లో వసంత కన్నబిరాన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు.

ఆ బాధ నిజమైనదే. చిక్కంతా బాల్యాన్ని రచనా పద్ధతిగా ఎంచుకోవడంలో ఉంది. రైతు ఇంటి పిల్లవాడికి కొల్లేరంటే చేపలు, పిట్టలు, పడవ. అదే ఈడు మాలమాదిగ పిల్లవాడు అవే నీళ్ళలో కామందు గేదెల వెనక నడిచాడు. వాడికి గుర్తొచ్చేది బెంగా, కోపమా? మా అమ్మనడిగితే కొల్లేరనగానే ముందు జలగల సంగతే చెబుతుంది.

'పోయింది' అన్న మాట కూడా అందరికీ ఒకటి కాదు. 1970ల్లో ప్రభుత్వం సొసైటీలు పెట్టి వడ్డిలకీ దళితులకీ కొల్లేట్లో భూములిచ్చింది. చాలాచోట్ల కాగితం మీద పేరు మనోళ్ళది, చేపల చెరువు మీద పెత్తనం పెట్టుబడి పెట్టినోడిది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు పేల్చేశాక ఆ కాగితానికీ విలువ లేకుండాపోయింది. చేతికి రాకుండానే పోయినదాన్ని ఏ జ్ఞాపకంతో రాయాలి?

తనకి తెలిసిన కొల్లేరు రాసినందుకు కుటుంబరావుని బోనెక్కించక్కర్లేదు. మన కొల్లేరు నవలకి ముడిసరుకు వేరు: సొసైటీ రిజిస్టర్లు, పాలేరు జీతం లెక్కలు, వేలిముద్రలు. ఆ ముద్రలు వేసిన ముసలోళ్ళు కొందరు ఇంకా పేటల్లో ఉన్నారు. కైకలూరు, ఏలూరు కాలేజీల పిల్లలు ఈ వేసవిలోనే వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చోవాలి.