తూకము చెప్పని సంగతి

మా మదనపల్లెలో వేకువనే నడకకు వచ్చు స్త్రీలలో కొందరు రెండు నెలలు నడచి, బరువు తగ్గలేదని మానివేయుదురు. దోషము నడకది కాదు, తూచు యంత్రమును నమ్ముటది. ఈ విషయమున అమెరికాలోని డల్లాసులో జరిగి, 2007లో వెలువడిన పరిశోధన ఒకటి పరిశీలింపదగియున్నది.

ఋతుక్రమము ఆగిన, అధిక బరువు లేక స్థూలకాయము గల 464 మంది స్త్రీలను నాలుగు వర్గములు చేసి, ఒక వర్గమును వ్యాయామము లేకుండ ఉంచిరి. తక్కిన మూడు వర్గములవారిని వేర్వేరు మోతాదులలో ఆరు నెలలు నడిపించిరి, సైకిలు త్రొక్కించిరి. వారమునకు సగటున 72 నిమిషములు మాత్రమే శ్రమించినవారిలో సైతము, ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి వ్యాయామము లేనివారికంటె 4.2 శాతము పెరిగినది. 192 నిమిషములవారిలో 8.2 శాతము. నడుము చుట్టుకొలత తగ్గినది. బరువులో మాత్రము చెప్పుకోదగిన తేడా లేదు! రక్తపుపోటు కూడ తగ్గలేదని పరిశోధకులు దాచక చెప్పిరి. అది మెచ్చదగిన గుణము.

కాని వారు పరీక్షించినది ఒకే తరహా వ్యాయామమును. భోజనానంతరము రక్తములోని గ్లూకోజులో అధికభాగమును పుచ్చుకొనునది కండరము. పని చేయునపుడు అది ఇన్సులిన్ సాయము లేకయే గ్లూకోజును లోనికి లాగుకొనగలదు. నడక కండరములోని మైటోకాండ్రియాలను వృద్ధిచేయును. బరువులెత్తుట కండరమునే పెంచును. రెంటిని కలిపి చూచిన పరిశోధన అమెరికాలోనే లూసియానాలో జరిగి 2010లో వెలువడినది. అందులోని 262 మంది మధుమేహ రోగులలో స్త్రీలే ఎక్కువ. తొమ్మిది నెలల పిమ్మట, వ్యాయామము లేనివారితో పోల్చగా, రక్తములోని చక్కెర సగటు నికరముగా తగ్గినది రెండును కలిపి చేసినవారికే. ఒక్కొక్కటే చేసినవారికి అట్లు కాలేదు.

ఈ ఫలితములను యథాతథముగా మనకు అన్వయింపరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏండ్ల స్త్రీలలో 36.3 శాతము మంది శరీర సూచిక 25 లేక అంతకు మించి ఉన్నవారు. అదే సూచికవద్ద పాశ్చాత్యులకంటె మనవారి దేహములో కొవ్వు ఎక్కువ. ప్రమాదము 23 నుండియే మొదలగును.

“ఇంటిపని చాలదా?” అని అడుగువారు గలరు. రోటిలో రుబ్బి, బావినుండి నీళ్లు చేదిన కాలమున కొంత చాలెడిది. మిక్సీ, కుళాయి వచ్చి ఆ శ్రమను తప్పించినవి, తప్పించుట మంచిదే. ఆ కండరములకు వేరే పని చూపవలెను: చేతులు ఆనించక కుర్చీనుండి పదిమార్లు లేచుట, నీళ్ల సీసాలు పైకెత్తుట వంటివి. ఫలితము కొలుచుటకు దర్జీ టేపు చాలును. మన స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటరాదు.